అతెన్ చేతులు ఎవరికి అందాయి?

అఖెనాతెన్ గురించి ఎక్కడ చదివినా ఇంచుమించు ఒకే కథ కనిపిస్తుంది. సుమారు క్రీ.పూ. 1353లో ఈజిప్టు గద్దెనెక్కిన ఒక యువకుడు, తాతముత్తాతల నుంచి వస్తున్న దేవుళ్ళందరినీ పక్కకు నెట్టి అతెన్ అనే సూర్యబింబం ఒక్కటే దైవమన్నాడు. అప్పటి పెద్ద దేవుడు అమున్ పూజారుల పీచమణిచాడు. ఎడారి అంచున కొత్త రాజధాని కట్టాడు. ఆయన కన్నుమూయగానే ఛాందసులు మళ్ళీ తలెత్తి ఆయన చేసిందంతా తుడిచిపెట్టారు. అమెరికన్ ఈజిప్టు పండితుడు జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ అయితే చరిత్రలో మనకు కనిపించే మొట్టమొదటి 'వ్యక్తి' ఈయనే అనేశాడు. నాకు తెలిసిన హేతువాదులకూ ఆయనంటే ఇష్టమే, భక్తులకూ ఇష్టమే. మూఢనమ్మకాల మీద తిరగబడ్డాడని వాళ్ళు, ఒకే దేవుణ్ణి కొలిచాడని వీళ్ళు.

ఈ కథతో నాకు గట్టి పేచీ ఉంది. సంస్కరణ అనే మాట మీద నాకు చాలా గౌరవం. గుడి తలుపులు అందరికీ తెరుచుకోవాలనీ, దేవుడికీ మనిషికీ నడుమ దళారీ ఉండకూడదనీ మనసారా కోరుకుంటాను. మన దేశంలో ఆ మాట అన్నందుకు దెబ్బలు తిన్నవాళ్ళున్నారు, ఊళ్ళోంచి వెలి అయినవాళ్ళున్నారు. వాళ్ళ సరసన అఖెనాతెన్‌ని కూర్చోబెడితే ఒప్పుకోలేను. ఆయన దళారీ వ్యవస్థను రద్దు చేయలేదు. ఉన్న దళారులందరినీ తీసేసి ఆ చోట తానొక్కడే నిలబడ్డాడు.

ఇది నా ఊహ కాదు, ఆయన చెక్కించుకున్న బొమ్మల్లోనే ఉంది. బెర్లిన్ మ్యూజియంలో ఒక చిన్న సున్నపురాతి పలక ఉంది. ఫోటోల్లో చాలామంది చూసే ఉంటారు. ఎడమవైపు అఖెనాతెన్ పీట మీద కూర్చుని పెద్దకూతుర్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకోబోతున్నాడు. ఎదురుగా రాణి నెఫెర్తీతి. ఒక పిల్ల ఆవిడ ఒళ్ళో కూర్చుని తండ్రి వైపు వేలు చూపిస్తోంది, ఇంకా చిన్నది భుజమెక్కి తల్లి కిరీటానికి వేలాడే నగతో ఆడుకుంటోంది. ఫారోల బొమ్మల్లో అంతకు ముందు ఇలాంటి సంసారం కనపడదు. చూడగానే ముచ్చటేస్తుంది. పైన మధ్యలో సూర్యబింబం, దాన్నుంచి కిందికి జారే కిరణాలు, ఒక్కొక్క కిరణం చివర ఒక్కొక్క చిన్న చెయ్యి.

ఆ చేతుల్ని కాస్త నిదానంగా చూడండి. కొన్ని చేతుల్లో 'అంఖ్' ఉంటుంది, అంటే ప్రాణానికి ఈజిప్టు వాళ్ళ గుర్తు. ఆ అంఖ్‌ను కిరణం తిన్నగా తెచ్చి రాజు ముక్కు దగ్గర ఒకటి, రాణి ముక్కు దగ్గర ఒకటి పెడుతుంది. ప్రాణవాయువు ఆ ఇద్దరికీ అందుతోందన్నమాట. ఇలాంటి పలకలు ఆయన కొత్త రాజధాని అమార్నాలో ఉన్నవాళ్ళ ఇళ్ళలోనూ, తోటల్లోని పూజామందిరాల్లోనూ ఉండేవి. ఇంటాయన పొద్దున్నే లేచి దండం పెట్టుకునే చోట ఏ దేవుడి రూపమూ లేదు, దేవుడి అనుగ్రహం అందుకుంటున్న రాజకుటుంబం ఉంది. ఇంటివాడు రాజుకు మొక్కాలి, రాజు అతెన్‌కు మొక్కుతాడు. సమాధుల గోడల మీద జనం గుంపులుగా కనిపిస్తారు, నడుములు నేలకు వాలిపోయేంతగా వంగి ఉంటారు. ప్రాణమందించే ఆ చేతులు వాళ్ళ ముక్కుల దాకా రావు.

అతెన్‌కు రాసిన పెద్ద స్తోత్రం గురించి చెప్పకపోతే అన్యాయమవుతుంది. అది ఆయ్ అనే అధికారి సమాధి గోడ మీద దొరికింది. నేను మళ్ళీ మళ్ళీ చదువుకునే ప్రాచీన కవిత్వంలో అదొకటి. పొద్దు గుంకితే లోకం చచ్చినట్టు పడుకుంటుంది, సింహాలు గుహల్లోంచి బయటికొస్తాయి, పాములు కాటేస్తాయి. తెల్లవారగానే మనుషులు ఒళ్ళు కడుక్కుని, బట్టలు కట్టుకుని, చేతులెత్తి మొక్కి పనిలోకి పోతారు. గూళ్ళలో పక్షులు రెక్కలు విప్పుతాయి, నదిలో చేపలు నీ ముఖం చూసి ఎగురుతాయి. గుడ్డులోని పిల్ల పెంకు లోపలే కిచకిచమంటుంటే దానికి ఊపిరి పోసేది నువ్వే. సిరియా, కుష్, ఈజిప్టు దేశాల మనుషుల భాషలు వేరు, ఒంటి రంగులు వేరు, అందరినీ చేసింది నువ్వే. నైలు లేని దేశాలకు ఆకాశంలో ఇంకో నైలు పెట్టావు, అదే వాన. బైబిల్లోని 104వ కీర్తనతో పోలికలు ఉన్నాయని పండితులు ఎప్పటినుంచో చెబుతున్నారు. పరాయి దేశపు మనిషిని శత్రువుగా చూడడమే మర్యాదైన కాలంలో, వాడికీ ఇదే సూర్యుడు అనడం చాలా పెద్ద మాట. అది రాసిన చేతికి నా నమస్కారం.

ఇంత విశాలంగా సాగిన స్తోత్రం చివరికి వచ్చేసరికి ఒక చోట ముడుచుకుపోతుంది. నువ్వు నా గుండెలో ఉన్నావు, నిన్నెరిగిన వాడు నీ కుమారుడు తప్ప వేరెవ్వరూ లేరు, నీ ఆలోచననూ నీ శక్తినీ అతనికే తెలియజేశావు అని ఉంటుంది అక్కడ. ఆ కుమారుడు అఖెనాతెన్. గుడ్డులో కోడిపిల్లకు ఊపిరి పోసిన దేవుడు, చేపకు కనబడే దేవుడు, మనిషికి మాత్రం ఒక్క రాజు ద్వారానే తెలుస్తాడట. నా అభ్యంతరమంతా ఆ వాక్యం మీదే.

అతెన్‌ను ఆయనేమీ కొత్తగా కనిపెట్టలేదు. సూర్యబింబానికి ఆ పేరు పాతదే. తండ్రి మూడవ అమెన్‌హోతెప్ తన రాజనౌకకు అతెన్ పేరు కలిపి పెట్టుకున్నాడు. ఆ తండ్రి హయాంలో ఈజిప్టు తులతూగింది. నాలుగవ అమెన్‌హోతెప్‌గా పట్టాభిషేకం చేసుకున్న కొడుకు మొదట్లో థీబ్స్ నగరంలో అమున్ కోట అయిన కర్నాక్‌లోనే అతెన్‌కు గుళ్ళు కట్టించాడు. పని తొందరగా తెమలాలని ఒక మనిషి మోయగలిగేంత చిన్న రాళ్ళు కొట్టించాడు, మూర పొడవువి. వాటిని ఇప్పుడు తలతాత్ అంటున్నారు. అయిదో ఏడు వచ్చేసరికి 'అమున్ తృప్తి చెందాడు' అనే అర్థమున్న పేరు వదిలేసి అఖెనాతెన్ అయ్యాడు. థీబ్స్‌కూ మెంఫిస్‌కూ నడుమ, నైలు తూర్పు గట్టున కొండలు అర్ధచంద్రాకారంగా వెనక్కి తగ్గిన ఒక ఖాళీ మైదానం చూసి అక్కడ అఖెతాతెన్ నగరానికి పునాది వేశాడు. అదే ఇప్పటి అమార్నా.

ఆ నగరం సరిహద్దు కొండల మీద చెక్కించిన శాసనాల్లో ఆయన గొంతు నేరుగా వినిపిస్తుంది. ఈ చోటు నాకు ఏ అధికారీ చూపించలేదు, నా తండ్రి అతెనే చూపించాడు అంటాడు. ఇంకో చోట మంచి స్థలం ఉంది, అక్కడ కడదాం అని పట్టపురాణి చెప్పినా వినను అంటాడు. నేనెక్కడ చనిపోయినా నన్నిక్కడికే తెచ్చి పాతిపెట్టండి అంటాడు. ఎవరి మాటా వినను అన్నది రాతి మీద చెక్కించి మరీ ప్రకటించిన రాజు నాకు ఇంకెవరూ తెలియదు. భార్య పేరెత్తి మరీ చెప్పాడు చూడండి, ఆవిడ ఆయన పక్కనే నిలబడి పూజ చేసిన మనిషి.

ఆయన్ని మెచ్చుకునేవాళ్ళు ఇక్కడ ఒక వాదన తెస్తారు. అమున్ పూజారులు రాజును మించిపోయారు, దేశాన్ని పీల్చుకుతింటున్నారు, వాళ్ళను అణచడానికే ఇదంతా అని. అమున్ ఆలయానికి భూములూ పశువులూ బంగారమూ లెక్కలేనంత ఉన్న మాట నిజం. కానీ ప్రధాన పూజారిని నియమించేది రాజే, తీసేసేదీ రాజే. నాలుగో ఏట అమున్ ప్రధాన పూజారి మే అనే ఆయన వాదీ హమ్మామాత్ రాతిగనులకు రాయి తేవడానికి పోయినట్టు అక్కడి శాసనంలో ఉంది. రాజు రాయి తెమ్మంటే ఎడారిలోకి పోయే మనిషిని రాజును మించినవాడని ఎలా అనుకోవాలి? పైగా ఆ ఆలయాల ఆస్తులు జనానికేమీ పంచలేదు. అతెన్ గుళ్ళకు మళ్ళించారు. అమార్నాలోని పెద్ద అతెన్ ఆలయానికి పైకప్పు లేదు, ఎండ నేరుగా పడాలి కదా. లోపల, బయట వరసలుగా నైవేద్యపు అరుగులు. ఆలయానికి దక్షిణంగానే తొమ్మిది వందలకు పైగా ఉన్నాయి. సంపద ఒక దేవుడి గాదెలోంచి ఇంకో దేవుడి గాదెలోకి పోయింది, తాళంచెవి మాత్రం రాజు చేతికి ఇంకా దగ్గరైంది.

తర్వాత సుత్తీ ఉలీ వచ్చాయి. అమున్ పేరు ఎక్కడ కనబడితే అక్కడ చెక్కేశారు. అంతకు ముందు ఏలిన రాణి హత్‌షెప్సుత్ నిలబెట్టిన ఆకాశమంత స్తంభాల కొసన ఉన్నదాన్ని కూడా వదల్లేదు. తండ్రి పేరు అమెన్‌హోతెప్‌లో అమున్ ఉందని కన్నతండ్రి పేరునీ చెక్కించాడు. కొన్ని చోట్ల 'దేవతలు' అనే బహువచనాన్నే తీసేశారు. వీటన్నిటికన్నా నన్ను కలచివేసేవి చిన్న వస్తువులు. చేతిలో ఇమిడే తాయెత్తు బిళ్ళల మీద, కాటుక పెట్టుకునే గొట్టాల మీద కూడా అమున్ పేరు గీకేసి ఉంది. రాజభటులు ఇంటింటికీ వచ్చి ఆడవాళ్ళ కాటుక గొట్టాలు వెతికారని నేననుకోను. సొంతదారులే గీకి ఉంటారు. ఎవరైనా చూస్తే ఏమవుతుందోనన్న భయంతో. అమ్మ ఇచ్చిందో, పెళ్ళికి వచ్చిందో అయిన చిన్న వస్తువు మీద తన దేవుడి పేరును తానే గీక్కోవలసిన పరిస్థితిని మత సంస్కరణ అనడానికి నాకు నోరు రాదు.

మామూలు ఈజిప్టు మనిషి అమున్ గుడి లోపలికి ఏనాడూ వెళ్ళింది లేదు. గర్భగుడి పూజారులది, రాజుది. అతనికి దేవుడు దొరికేది ఊరేగింపులోనే. ఓపెట్ ఉత్సవానికి అమున్ ఉత్సవ విగ్రహాన్ని పడవలో పెట్టి, పూజారులు భుజాల మీద మోస్తూ కర్నాక్ నుంచి లక్సర్‌కు తీసుకెళ్ళేవారు. బాజాలు, ఆటగత్తెలు, సైనికులు, దారి పొడుగునా జనం. లోయ పండుగ అని ఇంకొకటి ఉండేది. అమున్ నది దాటి పడమటి గట్టుకు వచ్చేవాడు, ఆ రోజు కుటుంబాలన్నీ తమ పెద్దల సమాధుల దగ్గర చేరి, పూలు పెట్టి, చనిపోయినవాళ్ళతో కలిసి భోజనం చేసేవారు. మన ఊళ్ళో అమ్మవారి జాతర ఆపేసి, పెద్దలకు పెట్టుకోవడం మానిపించి, వాటి బదులు ఏలినవారి కారు వెళ్తుంటే చూసి దండం పెట్టుకోండి అంటే ఎలా ఉంటుందో అలాంటిది జరిగింది. అమార్నాలో దేవుడి ఊరేగింపు లేదు, విగ్రహమే లేదు కాబట్టి ఉండదు. దాని చోట రాజు, రాణి రథాలెక్కి రాజమార్గం వెంట గుడికి వెళ్ళడం, రథాలతో పాటు వంగిన నడుములతో పరుగెత్తే భటులు. సమాధుల గోడల నిండా ఈ దృశ్యమే.

చావు సంగతి ఇంకా కష్టం. ఈజిప్టు మనిషికి చనిపోయాక దిక్కు ఒసైరిస్. చంపబడి, భార్య ఐసిస్ కన్నీళ్ళతో మళ్ళీ లేచిన దేవుడు కాబట్టి చావు బాధ ఆయనకు తెలుసు. రాజుకైనా కూలివాడికైనా ఆయన ముందు, బతుకులోని మంచిచెడ్డలు తేల్చే గుండె తూకం తప్పదు. అఖెనాతెన్ స్తోత్రంలో రాత్రి అంటే అతెన్ లేకపోవడం, అంతే. చీకట్లో ఎవరున్నారో, చచ్చిపోయిన పిల్ల ఎక్కడికి పోయిందో దానికి జవాబు లేదు. ఆయనకే ఆ జవాబు అవసరమైన రోజు వచ్చింది. రెండో కూతురు మెకెతాతెన్ చనిపోతే తల్లీతండ్రీ తలల మీద చేతులు పెట్టుకుని ఏడుస్తున్న దృశ్యం రాజ సమాధి గోడ మీద ఉంది. అంత దుఃఖం అనుభవించిన మనిషి, అదే దుఃఖంలో ఉన్న లక్షలమందికి ఉన్న ఆసరా ఎందుకు లాగేసుకున్నాడా అని ఆ బొమ్మ చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది.

ఆ నగరం నడిబొడ్డునే జనం ఏం చేశారో తవ్వకాల్లో బయటపడింది. ఇళ్ళలో బెస్ తాయెత్తులు దొరికాయి. బెస్ నాలుక బయటపెట్టుకుని ఉండే పొట్టి దేవుడు, బాలింతలకూ పసిపిల్లలకూ కాపలా. తావెరెట్ బొమ్మలు దొరికాయి, నీటిగుర్రం రూపంలో నిండు కడుపుతో ఉండే తల్లి, పురుటి వేళ తలుచుకునే దేవత. సమాధులు తొలిచే పనివాళ్ళ పేటలో ఒక ఇంటి గోడ మీద బెస్‌లు చిందులేస్తున్న బొమ్మలు గీసుకున్నారు. రాజుగారి కొత్త దేవుడికి కన్నుంది, కిరణముంది, పురుటి నొప్పులు పడుతున్న ఆడమనిషి పక్కన కూర్చునే ఓపిక లేదు. ఆ ఓపిక ఉన్న దేవతలను వాళ్ళు వదులుకోలేదు, నేనైనా వదులుకోను.

వాళ్ళ ఎముకల దగ్గరకు వస్తే నాకు కోపం ఆగదు. బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త బారీ కెంప్ దశాబ్దాల పాటు అమార్నాలో పనిచేశాడు. 2006 నుంచి ఆయన బృందం అక్కడి సామాన్యుల శ్మశానం ఒకటి తవ్వింది. నాలుగు వందలకు పైగా అస్థిపంజరాలు పరిశీలించారు. తిండి చాలక ఎదుగుదల ఆగిన పిల్లలు, బరువులు మోసి వెన్నుపూసలు దెబ్బతిన్న పెద్దలు, నడివయసు చూడకుండానే పోయినవాళ్ళు. కొందరి భుజపుటెముకల్లో పొడిచిన గాయాలున్నాయి, అవి శిక్షగా పొడిచినవని పరిశోధకులు చెప్పారు. నగరానికి ఉత్తరాన ఇంకో శ్మశానంలో అయితే ఎక్కువమంది 7 నుంచి 25 ఏళ్ళ లోపువాళ్ళే. అంత చిన్న వయసులోనే వెన్నెముకలు అరిగిపోయి ఉన్నాయి, సామాను దాదాపు లేకుండా ఒక గోతిలో ఇద్దరు ముగ్గురిని పెట్టారు. గోడల మీద బాతులూ మాంసమూ రొట్టెలూ గుట్టలుగా పోసిన నైవేద్యపు అరుగులు, అరుగులు కట్టిన పిల్లల ఎముకలు ఇవి. ఏళ్ళ తరబడి కట్టాల్సిన నగరాన్ని నాలుగైదేళ్ళలో లేపారు. తలతాత్ రాయి ఒక మనిషి మోయగలిగినదని పొగుడుతాం, ఆ మనిషికి ఎన్నేళ్ళున్నాయో ఈ శ్మశానం చెబుతుంది.

పెద్దల సమాధుల్లోనూ ఒక మార్పు గమనించాను. అంతకు ముందు థీబ్స్‌లో అధికారి సమాధికెళ్తే గోడల మీద అతని బతుకు కనబడుతుంది. పొలం, కోతలు, విందు, భార్యాబిడ్డలు, చేపల వేట. అమార్నా సమాధుల్లో సమాధి యజమాని ఎక్కడున్నాడో వెతుక్కోవాలి. గోడంతా రాజు, రాజు గుడికి పోవడం, రాజు భోంచేయడం, రాజు కిటికీలోంచి బంగారు కంటెలు విసరడం. మే అనే అధికారి (పైన చెప్పిన పూజారి కాదు, వేరే మనిషి) నేను తండ్రి వైపూ తల్లి వైపూ పేదవాణ్ణి, రాజే నన్ను నిలబెట్టాడు అని రాయించుకున్నాడు. పేదవాడికి పదవి దొరకడం మంచిదే కదా అంటారు. మంచిదే. కాకపోతే రాజు దయ తప్ప ఇంకే ఆధారం లేని మనిషి రాజుకు ఎదురుచెప్పలేడు, ఇంటి పక్కవాడు ఆకలితో చస్తున్నాడని కూడా చెప్పలేడు. మే పేరునూ బొమ్మనూ ఆ సమాధిలోనే తర్వాత చెరిపేశారు.

రాజు యుద్ధాలకు పోలేదు, శాంతమూర్తి అని కూడా అంటుంటారు. 1887లో అమార్నాలో దొరికిన మట్టిపలకల ఉత్తరాలు మూడు వందల యాభైకి పైగా ఉన్నాయి. వాటిలో ఈజిప్టు కింద ఉన్న బిబ్లోస్ నగర పాలకుడు రిబ్-హద్దా సైన్యం పంపండి మహాప్రభో అని ఉత్తరం మీద ఉత్తరం రాస్తూనే ఉన్నాడు. అస్సిరియా రాజు అషుర్-ఉబల్లిత్ రాసిన ఒక ఉత్తరం, అఖెనాతెన్‌కే రాశాడని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. మా దూతల్ని ఎండలో ఎందుకు నిలబెడుతున్నారు, వాళ్ళు ఎండలోనే చచ్చిపోతారు, దానివల్ల రాజుకు లాభముంటే సరే, లేకపోతే ఎందుకు చావాలి అని అడుగుతాడు. పైకప్పు లేని ఆ ఆలయాల్లో గంటల తరబడి జరిగే పూజలు తలుచుకుంటే ఈ ఫిర్యాదు అర్థమవుతుంది. సూర్యుడు రాజుకు తండ్రి, దూతకు వడదెబ్బ.

పదిహేడేళ్ళ పాలన తర్వాత ఆయన పోయాడు. పూజారులు కుట్ర చేసి కూల్చారన్న కథకన్నా నన్ను ఒప్పించే సాక్ష్యం పావా అనే లేఖకుడిది. అఖెనాతెన్ తర్వాత కొద్దికాలం ఏలిన నెఫెర్‌నెఫెరుఅతెన్ మూడో ఏట, థీబ్స్‌లోని ఒక సమాధి గోడ మీద ఆయన పేరున అమున్‌కు ప్రార్థన రాశారు. పావాకు చూపు పోయింది. నీవిచ్చిన చీకటిని చూపించావు, ఇప్పుడు వెలుగివ్వు, నిన్ను చూస్తాను, మా వైపు తిరుగు అని వేడుకుంటాడు. అప్పటికింకా టుటన్‌ఖమున్ గద్దెనెక్కలేదు, గుళ్ళను బాగుచేయిస్తున్నానని ఆయన ప్రకటించిన శాసనం చెక్కలేదు. ఆ ప్రకటన రాకముందే కింద గుండెల్లో అమున్ తిరిగొచ్చేశాడు. ఆ తర్వాత రాజైన హోరెంహెబ్ తలతాత్ రాళ్ళను వేల సంఖ్యలో విప్పించి కర్నాక్ గోపురాల కడుపులో పూడ్చాడు. అబిడోస్ గుడి గోడ మీది రాజుల జాబితా మూడవ అమెన్‌హోతెప్ నుంచి నేరుగా హోరెంహెబ్‌కు దూకేస్తుంది. ఒక భూతగాదా రికార్డులో అఖెనాతెన్ పేరు పలకకుండా 'అఖెతాతెన్ శత్రువు' అన్నారు. పేర్లు చెరపడం మొదలుపెట్టినవాడి పేరుకూ అదే జరిగింది, దానికి నేను సంతోషించను. ఆ చెరిపివేత కూడా తప్పే.

ఒసైరిస్ మాత్రం ఎక్కడికీ పోలేదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో టాలమీ వంశపు రాజుల కాలం నాటి ఈజిప్టు అమ్మాయి మమ్మీ ఉంది, మనలో చాలామంది స్కూలు పిల్లలుగా దాన్ని చూసొచ్చాం. ఆ పిల్ల అఖెనాతెన్ తర్వాత సుమారు వెయ్యేళ్ళకు చనిపోయింది. వెయ్యేళ్ళ తర్వాత కూడా ఆమె తల్లిదండ్రులు ఒసైరిస్‌నే నమ్ముకుని ఆ నారగుడ్డలు చుట్టించారు.

అమార్నా పాడుబడ్డ తర్వాతి తరాల్లో, రెండవ రామ్సెస్ కాలంలో, దైర్ అల్-మదీనా అనే పనివాళ్ళ ఊళ్ళో నెబ్రే అనే చిత్రకారుడుండేవాడు. అతని కొడుకు నఖ్త్‌అమున్ జబ్బుపడ్డాడు, చావు అంచుల దాకా పోయి బతికాడు. మొక్కు తీర్చుకోవడానికి నెబ్రే అమున్‌కు ఒక రాతిపలక చెక్కించి నిలబెట్టాడు. మౌనంగా ఉండేవాళ్ళ ప్రభువు అమున్, పేదవాడు పిలిస్తే పలుకుతాడు, నేను కష్టంలో ఉండి పిలిచాను, వచ్చి కాపాడాడు అని రాయించాడు. ఆ పలక కూడా బెర్లిన్‌లోనే ఉంది. అందులో మధ్యవర్తిగా రాజు లేడు. కొడుకు కోసం ఏడ్చిన తండ్రి, పలికిన దేవుడు, తెలిసినవాళ్ళకూ తెలియనివాళ్ళకూ ఇది చెబుతానని ఇచ్చిన మాట ఉన్నాయి. ఈజిప్టులో మత సంస్కరణ జరిగిందా అని నన్నెవరైనా అడిగితే ఈ పలక చూపిస్తాను.